టీనేజ్ తల్లికి ఏది మేలు: ఇంటికొచ్చే నర్సా, తల్లుల గ్రూపా?

పదహారు, పదిహేడేళ్లకే తల్లయిన అమ్మాయికి రెండు రకాలుగా అండ దొరకొచ్చు. గర్భంతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు రెండేళ్లు నిండేదాకా నర్సు ఇంటికి రావడం ఒకటి. అదే వయసు తల్లులంతా ఒకచోట కలిసే గ్రూపు ఇంకొకటి.

నా ఓటు నర్సుకే. బిడ్డ "ఊ" అంటుంది, తల్లి ఫోన్‌లోంచి తలెత్తదు. "చూడమ్మా, నిన్నే పిలుస్తోంది, నువ్వూ ఊ కొట్టు" అని నర్సు అక్కడికక్కడే చెప్తుంది. తల్లి పలకగానే బిడ్డ కాళ్లు ఆడిస్తుంది. మాటలకు, అనుబంధానికి పునాది పడేది ఇలా బదులు పలకడంలోనే. క్లాసులో ఎంత చెప్పినా ఇది పట్టుబడదు. 1970ల చివర్లో అమెరికాలోని ఎల్మైరాలో పరిశోధకుడు డేవిడ్ ఓల్డ్స్ మొదలుపెట్టిన అధ్యయనంలో, నర్సులు వెళ్లిన కుటుంబాల్లో పిల్లలపై హింస, నిర్లక్ష్యం కేసులు 15 ఏళ్ల తర్వాత చూసినా తక్కువే.

గ్రూపుకు ఖర్చు తక్కువ. చదువు ఆగిపోయి, స్నేహితులు దూరమైన పిల్లకు తనలాంటివాళ్లు కనబడటం చిన్న విషయమేమీ కాదు. కానీ డిప్రెషన్‌లో ఉన్న అమ్మాయి, అంటే సాయం అందరికంటే ఎక్కువ కావాల్సిన అమ్మాయే, గ్రూపుకు రాకపోవడమే ఎక్కువ. నర్సులు చాలకపోతే గ్రూపే పెట్టండి. రెండుసార్లు రాని అమ్మాయి ఇంటికి మాత్రం తప్పకుండా మనిషిని పంపండి.