హారింగ్టన్, మెగిన్లీ: ఎవరు మేటి?

గోల్ఫర్లు పాడ్రిగ్ హారింగ్టన్, పాల్ మెగిన్లీ ఇద్దరిదీ డబ్లినే. 1997లో కలిసి ఆడి ఐర్లాండ్‌కు గోల్ఫ్ ప్రపంచ కప్ తెచ్చారు. తర్వాత ఇద్దరూ, యూరప్, అమెరికా జట్లు తలపడే రైడర్ కప్‌లో యూరప్‌కు కెప్టెన్లయ్యారు.

ఆటగాడిగా పాడ్రిగ్ హారింగ్టన్‌దే పైచేయి, వాదనకు తావే లేదు. 2007, 2008 ఓపెన్‌లు, 2008 పీజీఏ: గోల్ఫ్‌లో అతిపెద్ద టోర్నీలైన మేజర్లు మొత్తం మూడు గెలిచాడు. 2007 ఓపెన్ జరిగిన కార్నూస్టీలో, చివరి హోల్‌లో బంతిని రెండుసార్లు వాగులో పడేసుకుని కూడా, స్కోర్లు సమమయ్యాక జరిగిన ప్లేఆఫ్‌లో సెర్జియో గార్సియాను ఓడించాడు. ఎంత గుండె నిబ్బరం ఉండాలి! పాల్ మెగిన్లీకి ఒక్క మేజరూ లేదు. ఆయన్ని చిరస్మరణీయుణ్ణి చేసింది ఒకే ఒక్క పట్ (బంతిని నేలమీద దొర్లించి రంధ్రంలోకి పంపే షాట్). 2002 రైడర్ కప్‌లో, బెల్‌ఫ్రీలో అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్‌తో ఆడుతూ చివరి హోల్‌లో వేసిన ఆ పట్‌తోనే కప్పు యూరప్ వశమైంది.

కెప్టెన్సీకి వస్తే నా ఓటు మెగిన్లీకే. 2014లో గ్లెనీగల్స్‌లో యూరప్ 16½–11½తో గెలిచింది. ఆ గెలుపులో ఆయన ముందుచూపు అడుగడుగునా కనిపిస్తుంది. కొత్తవాడైన విక్టర్ డ్యుబ్విసాన్‌కు అనుభవజ్ఞుడు గ్రేమ్ మెక్‌డవెల్‌ను తోడిచ్చాడు. ఆ జోడీ ఆడిన రెండు ఫోర్సమ్స్ మ్యాచ్‌లూ (జోడీలోని ఇద్దరూ ఒకే బంతిని వంతులవారీగా కొట్టేవి) గెలిచింది. సింగిల్స్‌లో మెక్‌డవెల్‌నే ముందు దింపాడు. మొదట్లో మూడు హోల్స్ వెనకబడినా, అతను అమెరికా ఆటగాడు జోర్డన్ స్పీత్‌ను ఓడించాడు.

2021లో విస్లింగ్ స్ట్రెయిట్స్‌లో హారింగ్టన్ జట్టు 19–9తో ఓడింది. ఆ తప్పంతా ఆయన నెత్తిన రుద్దడం అన్యాయం. అవతల అమెరికా జట్టు భీకరమైన ఫామ్‌లో ఉంది, పైగా కోవిడ్ ఆంక్షల వల్ల యూరప్ అభిమానులు పెద్దగా రాలేకపోయారు.