చెరిపినా చెరగని కార్డు: పాటల ప్లేయర్, కార్డ్ రీడర్ చాలాకాలం వాడాక

నా మెమరీ కార్డులో ఇక కొత్త పాట ఒక్కటీ ఎక్కదు. ఉన్న పాట ఒక్కటీ పోదు. కార్డు పాడైపోయింది, పాటలు మాత్రం రోజూ వస్తున్నాయి. ప్లేయర్ గురించీ, కార్డుని కంప్యూటర్‌కి కలిపే రీడర్ గురించీ కూడా రాస్తాను గానీ, నా గోలంతా అసలు ఈ కార్డుతోనే.

ముందు ప్లేయర్. స్పెసిఫికేషన్లు డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను కొన్నది రెండే కారణాలకి. ఒకటి, నొక్కితే తెలిసే అసలైన బటన్లు. రెండు, ఎక్కడ ఆపితే అక్కడి నుంచే మళ్లీ మొదలవడం. చేతికి పిండి అంటుకున్నప్పుడు ఫోన్ ముట్టుకోలేం. దీన్నైతే చున్నీకి క్లిప్పు పెట్టుకుని, చూడకుండానే తడిమి పాట మార్చేయొచ్చు. నేను వినే ప్రవచనాలు ఒక్కోటి గంటన్నర ఉంటాయి. పోపు వేసే వేళకి ఆపేసి, సాయంత్రం ఆన్ చేస్తే అదే మాట దగ్గర అందుకుంటుంది. మధ్యలో ఎన్ని పాటలు విన్నా సరే, ఆ గుర్తు పోదు. కొత్తలో ఈ సంగతి కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పి, చుట్టాల్లో ఒకరిద్దరి చేత కొనిపించాను కూడా.

ఇప్పుడైతే అంత ఉత్సాహంగా చెప్పను. గుర్తు పెట్టుకోవడం నిజమే, కానీ చార్జింగ్ పూర్తిగా అయిపోయి దానంతటదే ఆగిపోతే ఆ గుర్తు ఒక్కోసారి పోతుంది. బ్యాటరీ బాగున్నన్నాళ్లూ ఇది తెలియలేదు. ఇప్పుడు బ్యాటరీ సగానికి పడిపోయింది, తరచూ తెలుస్తోంది. బ్యాటరీ లోపల అతికించేసి ఉంటుంది, మారుస్తామనే షాపు మాకు దగ్గర్లో దొరకలేదు. వాల్యూమ్ బటన్ కూడా వదులైంది, తగ్గించడానికి కాస్త పక్కకి నొక్కాలి. చున్నీకి వేలాడే వస్తువు, చెమటా ఆవిరీ తగులుతాయి, కాబట్టి ఈ విషయంలో కంపెనీని మరీ తిట్టలేను.

తెలుగు అక్షరాలు మాత్రం మొదటి రోజు నుంచీ రావు, అన్నీ చిన్న చిన్న డబ్బాలే. అందుకని ఫోల్డర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకున్నాను. దానికి తోడు మన పాత ఎంపీ3ల సంగతి తెలిసిందేగా. పాట పేరు ఉండాల్సిన చోట డౌన్‌లోడ్ సైటు పేరు, గాయకుడి చోటా అదే, బొమ్మ కూడా ఆ సైటుదే. ఘంటసాల, సుశీల, ఎవరి పాట పెట్టినా తెర మీద ఒకటే పేరు. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇవన్నీ ఒక్కసారే సరిచేయొచ్చు. ప్రవచనాల భాగాలకి మాత్రం 1, 2 అని కాకుండా 01, 02 అని పేర్లు పెట్టండి, లేకపోతే 1 తర్వాత 10 వచ్చి కథ గల్లంతవుతుంది.

ఇక కార్డు. 32 జీబీది, ప్లేయర్ కంటే పాతది. అంతకుముందు మా ఆయన ఫోన్‌లో ఉండేది. ఆప్‌లు కూడా సగం దాని మీదే ఉండేవి. నాకిచ్చేటప్పుడు అన్నీ తీసేశానన్నారు గానీ, మా ఆడపడుచు వాళ్ల గృహప్రవేశం ఫొటోల ఫోల్డర్ ఒకటి మిగిలిపోయింది. పెద్ద చోటేం తినడం లేదు కదా అని వదిలేశాం.

చాలాకాలం బాగానే నడిచింది. ఒకరోజు పాత పాటలు కొన్ని తీసేసి కొత్త ప్రవచనాలు ఎక్కించాను. కాపీ అయినట్టే చూపించింది. కంప్యూటర్‌లో ఒకటి పెట్టి చూస్తే మోగింది కూడా. కార్డు తీసి ప్లేయర్‌లో పెడితే కొత్తవి లేవు, తీసేసినవన్నీ ఉన్నాయి. ప్లేయర్ పాత జాబితానే చూపిస్తోందేమో అనుకుని కార్డుని మళ్లీ కంప్యూటర్‌కి పెట్టాను. అక్కడా అంతే. సరే, మొత్తం ఫార్మాట్ కొట్టేద్దాం అనుకున్నాను. పూర్తయింది అంది, కార్డు ఖాళీగా కనిపించింది. తీసి మళ్లీ పెడితే పాటలన్నీ ఎక్కడివక్కడే. గృహప్రవేశం ఫొటోలతో సహా.

మొదట అడాప్టర్ మీద అనుమానం వచ్చింది. మైక్రో కార్డుకి తాళం ఉండదు, దాన్ని తొడిగే పెద్ద అడాప్టర్ పక్కన మాత్రం చిన్న జారుడు మీట ఉంటుంది. నిజానికి ఆ మీట కార్డుకి చేసేదేమీ లేదు. అది ఎటు ఉందో రీడర్ చూసుకుని, రాయాలా వద్దా అని తేల్చుకుంటుంది. మీట వదులైతే దానంతటదే జారిపోయి లాక్ అయిపోతుంది, అప్పుడు అక్కడ చిన్న టేపు ముక్క అతికిస్తే సరిపోతుంది. అతికించాను. మార్పేమీ లేదు. వేరే రీడర్‌లో పెట్టాం, ఫోన్‌లో పెట్టాం. ఏ రోజు చూసినా అవే పాటలు.

షాపుకి తీసుకెళ్తే అబ్బాయి చూడకుండానే "వైరస్ మేడం" అన్నాడు. ఫార్మాట్ కొట్టి, ఖాళీ అయిందని చూపించి, డబ్బులు తీసుకున్నాడు. అక్కడే నిలబడి కార్డు తీయించి మళ్లీ పెట్టించాను. అంతే, పాటల ఫోల్డర్లన్నీ ప్రత్యక్షం. డబ్బులు తిరిగి ఇచ్చేశాడు, ఆ మాట చెప్పాలి.

చివరికి మా తమ్ముడు తేల్చాడు. "అక్కా, వైరసూ కాదు గియిరసూ కాదు. కార్డు రాయడం మానేసింది. ఇక చదవడం ఒక్కటే చేస్తుంది" అన్నాడు. వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ: ఈ కార్డుల్లోని ఫ్లాష్ మెమరీలో ఒకే చోట చెరిపి రాయడానికి ఒక హద్దు ఉంటుంది. అరిగిపోయిన భాగాల బదులు వాడుకోవడానికి కొంత అదనపు చోటు లోపలే దాచి ఉంచుతారు. అదీ అయిపోతే, లేదా లోపలేదైనా తేడా కనబడితే, కార్డుని లోపల నుంచి నడిపించే కంట్రోలర్ అనే చిప్పే ఇక రాయనివ్వకుండా బిగించేసుకుంటుంది, ఉన్న డేటా అయినా మిగలాలని. కొన్ని కార్డులు 'రైట్ ప్రొటెక్టెడ్', అంటే రాయడానికి వీల్లేదు అని చెప్పి మరీ ఆపుతాయి. నాదిలాంటివి సరే సరే అంటూ తలూపి, ఏమీ రాయవు. కంప్యూటర్ తాను పంపింది తన మెమరీలో పెట్టుకుని దాన్నే మనకి చూపిస్తుంది, కార్డు తీసి పెట్టేదాకా అసలు సంగతి బయటపడదు. అందుకే పాత కార్డుకి ఏది ఎక్కించినా ఒకసారి తీసి మళ్లీ పెట్టి చూసుకోండి.

మొదట ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే, చెడిపోవాల్సి వస్తే ఇలాగే చెడిపోవాలి అనిపించింది. ఎందుకంటే మా పిన్ని కొడుకు ఎవరో అమ్మకందారు దగ్గర చవగ్గా వస్తోందని 128 జీబీ కార్డు తెప్పించాడు. లోపల ఉన్నది అందులో చిన్న వంతే. అంకె మాత్రం 128 అని చూపించేలా మార్చి అమ్మారు. కాపీ చేస్తుంటే ఎక్కడా ఎర్రర్ రాలేదు. పాటల పేర్లన్నీ కనిపిస్తాయి, నొక్కితే సగం మోగవు. అలాంటి కార్డు నింపేదాకా మోసం తెలియదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం కార్డుని అంచుదాకా నింపి, తిరిగి చదివి, అసలు సైజు చెప్పేస్తుంది. లైనక్స్ వాళ్లకి అదే పని చేసే ఎఫ్3 ఉంది. పెద్ద కార్డుకి గంటలు పడుతుంది, అయినా కొన్న రోజే చేయాలి, వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే.

నా కార్డుకి వారంటీ ఉంది. పంపితే కొత్తది ఇస్తారు. కానీ చెరపలేని కార్డు పంపడమంటే అందులో ఉన్నదంతా పంపడమే. పాటలైతే ఫరవాలేదు, ఇంటిల్లిపాదీ ఉన్న ఫొటోలు ఎవరి చేతికో ఎందుకు? పంపలేదు. ఫోన్ నుంచి తీసిన కార్డు పాటలకి వాడేవాళ్లు, అది ఆరోగ్యంగా ఉన్నప్పుడే పూర్తిగా ఖాళీ చేసుకోవడం మంచిది.

ఆశ్చర్యం ఏమిటంటే, ప్లేయర్‌కి ఈ గొడవ పట్టనే లేదు. ఆపిన చోటు గుర్తుని అది తన సొంత మెమరీలోనే రాసుకుంటుంది, కార్డుని చదువుతుందంతే. మా తమ్ముడి ప్లేయర్ కార్డు మీదే పాటల జాబితా రాసుకునే రకం. అందులో నా కార్డు పెడితే ఆన్ చేసిన ప్రతిసారీ జాబితా మొదటి నుంచి తయారు చేసుకుంటూ కూర్చుంది. ప్లేయర్ కొనేటప్పుడు ఈ తేడా ఏ డబ్బా మీదా కనబడదు. చదవడం కూడా ఎన్నాళ్లో చెప్పలేం కాబట్టి, అన్నీ వెంటనే కంప్యూటర్‌లోకి దింపేసుకున్నాను. ఇప్పుడు మా అత్తగారు పొద్దున వినే స్తోత్రాలకి ఈ కార్డునే వాడుతున్నాం. పొరపాటున ఏ బటన్ నొక్కినా ఏదీ పోదు. ఆవిడకి ఇంతకంటే సరైన కార్డు డబ్బు పెట్టినా దొరకదు.

నాకు కొత్త కార్డు తీసుకున్నాం, 64 జీబీ. ప్లేయర్ డబ్బా మీద 32 దాకానే అని ఉంది. 32 దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, పాత ప్లేయర్లకి అది అర్థం కాదు. విండోస్‌లో మామూలు ఫార్మాట్ పెట్టెలో అంత పెద్ద కార్డుకి, పాత ప్లేయర్లకి అర్థమయ్యే ఫ్యాట్32 పద్ధతి కనిపించలేదు, దానికి విడిగా చిన్న ప్రోగ్రాం వాడాడు మా తమ్ముడు. నా ప్లేయర్‌లో పనిచేసింది, మీదాంట్లో చేస్తుందని మాటివ్వలేను. కార్డు మీది వేగం అంకెలకి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి. 320 కిలోబిట్ల ఎంపీ3 మోగడానికి సెకనుకి 40 కేబీ చాలు, కార్డు మీద క్లాస్ 10 అనే వేగం గుర్తు ఉంటేనే సెకనుకి కనీసం 10 ఎంబీ రాస్తుంది.

వేగం తెలిసేది రీడర్ దగ్గర. ప్లేయర్‌కి కేబుల్ పెట్టి పాటలు ఎక్కిస్తే కార్డు సగం నిండేసరికి వంట అయిపోతుంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో తీసుకున్న యూఎస్‌బీ 3 రీడర్ ఆ పనిని కూర తాలింపు వేసేలోపే చేసేస్తుంది. మైక్రో కార్డుకి విడిగా స్లాట్ ఉన్నది చూసి కొన్నాను, అడాప్టర్ మీట బాధ తప్పింది. ఒకేసారి ఎక్కువ కాపీ చేస్తే వేడెక్కుతుంది, అదొక్కటే.

నేను ఆన్‌లైన్‌లో పాటలు వినను, వైరు ఇయర్‌ఫోన్లే వాడతాను, ప్రవచనాలు ఎక్కువ. అలాంటివాళ్లకి ఈ సరంజామా బాగుంటుంది. మా తమ్ముడికి రీడర్ ఒక్కటే నచ్చింది, మిగతాదంతా వాడికి ఫోన్‌లోనే అయిపోతుంది. ఇదే ప్లేయర్ మళ్లీ కొంటావా అంటే, బ్యాటరీ మార్చుకునే వీలున్నది దొరికితే దాన్నే కొంటాను. దొరక్కపోతే ఇదే, అదీ ధర తగ్గినప్పుడు చూసి.