‘రహస్యం’ ముద్ర ఉన్న కాగితం: అచ్చేయాలా, సమాచార హక్కు కింద అడగాలా?

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్‌లలో తెలుగులో వార్తలు రాసేవారి చేతికి అలాంటి కాగితం వస్తే దారులు రెండు.

నేరుగా ప్రచురిస్తే 1923 అధికార రహస్యాల చట్టం సెక్షన్ 5 మెడకు చుట్టుకోవచ్చు: 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా లేదా రెండూ. ఇచ్చినవారే కాదు, తెలిసి పుచ్చుకున్నవారూ నేరస్థులే. సునాబేడ విమాన ఇంజన్ల కర్మాగారం లాంటి రక్షణ విషయమై, దేశానికి హాని తలపెట్టారని తేలితే సెక్షన్ 3 కింద 14 ఏళ్ల దాకా. 2019లో రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలు కేసులో సుప్రీంకోర్టు లీకైన పత్రాలను పరిశీలనకు తీసుకుంది, నిజమే. దాన్ని ప్రచురణకర్తకు అభయమనుకోవద్దు.

రెండో దారి, సమాచార హక్కు చట్టం: దరఖాస్తుకు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. భద్రత పేరుతో ఆ చట్టంలో మినహాయింపులు చెప్పే సెక్షన్ 8 చూపి తోసేస్తే, 8(2) కింద ప్రజా ప్రయోజనం ఏమిటో రాసి 30 రోజుల్లో అప్పీలు చేయాలి. సెక్షన్ 10 కింద ఇవ్వదగ్గ భాగమైనా అడగాలి. భూసేకరణ, పునరావాసం ఫైళ్లకు ఈ దారే మేలు.