అడాప్టివ్ సస్పెన్షన్: విశాఖ రోడ్ల మీద కొన్నేళ్ల వాడకం తర్వాత

ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న డ్యాంపర్లతో (షాక్ అబ్జార్బర్లతో) వచ్చిన ఒక జర్మన్ సెడాన్‌ను కొన్నేళ్లుగా విశాఖపట్నంలో వాడుతున్నాను. అందులో కంఫర్ట్, నార్మల్, స్పోర్ట్ అనే మోడ్‌లతోపాటు ఇంజిన్, స్టీరింగ్, సస్పెన్షన్‌లను విడివిడిగా ఎంచుకునే ఇండివిడ్యువల్ మోడ్ కూడా ఉంది. ఇన్నాళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, కంఫర్ట్ మోడ్ ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడే ఆ పేరును నిలబెట్టుకుంటుంది. వేగం పెరిగినా, మలుపులు మొదలైనా వెనక సీట్లో కూర్చున్నవారికి నార్మల్ మోడే సుఖంగా ఉంటుంది.

కారు బరువును మోసేది స్ప్రింగ్ కాగా, గుంత దాటాక ఆ స్ప్రింగ్ ఊగుతూ ఉండిపోకుండా ఆపేది డ్యాంపర్. మామూలు డ్యాంపర్‌లో నూనె ఎంత ఇరుకు దారిలోంచి పోవాలన్నది ఫ్యాక్టరీలోనే ఖరారైపోతుంది. అడాప్టివ్ డ్యాంపర్‌లో ఆ దారిని ఒక వాల్వ్ ప్రయాణం సాగుతుండగానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఇనుప రేణువులు కలిపిన ద్రవాన్ని అయస్కాంత శక్తితో చిక్కబరిచే మరో పద్ధతి 2002లో కాడిలాక్ సెవిల్ ఎస్‌టీఎస్‌తో రోడ్డెక్కింది. నా కారుది వాల్వ్ పద్ధతే; కంఫర్ట్‌లో అది డ్యాంపర్‌ను మెత్తగా, స్పోర్ట్‌లో గట్టిగా ఉంచుతుంది. వాల్వ్‌ను ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి అన్న లెక్కకు 1974లో డీన్ కార్నాప్, ఆయన సహచరులు ప్రతిపాదించిన స్కైహుక్ సూత్రం ఇప్పటికీ ఆధారంగా ఉంది: కారు బాడీని ఆకాశానికి తగిలించినట్టు ఊహించుకుని, చక్రాలు కింద ఎంత ఎగిరినా బాడీ మాత్రం కదలకుండా చూడడమే దాని లక్ష్యం.

కొనబోయేవారికి ఇక్కడే ఒక మాట చెప్పాలి. మన దగ్గర అమ్ముడవుతున్న చాలా కార్లలో డ్రైవ్ మోడ్ బటన్ ఉంటుంది గానీ, అది యాక్సిలరేటర్ స్పందనను, గేర్లు మారే తీరును, స్టీరింగ్ బరువును మార్చి ఊరుకుంటుంది, సస్పెన్షన్ జోలికి పోదు. బ్రోషర్‌లో మోడ్‌ల బొమ్మలు చూసి మురిసిపోకుండా, మోడ్‌తోపాటు డ్యాంపర్లు మారతాయా లేదా అని సేల్స్ కుర్రాడిని సూటిగా అడగాలి.

గాజువాక వైపు లారీలు నలిపేసిన రోడ్డు మీద, అతుకులు వేసిన కాలనీ వీధుల్లో కంఫర్ట్ మోడ్ తేడా స్పష్టంగా తెలుస్తుంది. చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు చక్రం దగ్గరే ఆగిపోయి, సీటు దాకా రావు. అయితే పదునైన అంచున్న గుంతలో పడినప్పుడు, ప్లాస్టిక్ స్పీడ్ బ్రేకర్ల వరుస ఎక్కినప్పుడు, ఫ్లైఓవర్ జాయింట్లు దాటేటప్పుడు వచ్చే దెబ్బను ఏ మోడ్ కూడా పెద్దగా తగ్గించలేదు. ఆ దెబ్బను ముందుగా తినాల్సింది టైరు. సైడ్‌వాల్ (రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉండే టైరు పక్క గోడ) పొట్టిగా ఉన్న టైర్లు వేసి, కంపెనీ చెప్పినదాని కంటే నాలుగు పీఎస్ఐ ఎక్కువ గాలి కొట్టించి, తర్వాత సస్పెన్షన్‌ను తిట్టుకోవడం అన్యాయం.

ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు వరసల రహదారి మీదికి వెళ్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ గుంతలు ఉండవు, పొడవాటి అలల వంటి ఎత్తుపల్లాలు ఉంటాయి. వంద దగ్గర వెళ్తూ కంఫర్ట్‌లో ఉంచితే, కల్వర్టు దాటిన ప్రతిసారీ కారు పైకి లేచి, దిగి, మళ్లీ కాస్త లేచిన తర్వాతే కుదురుకుంటుంది. వెనక కూర్చున్న మా అమ్మ "కారు తేలుతున్నట్టుందిరా" అంటూ తలుపు పైనున్న పట్టీని పట్టుకుంటుంది. నార్మల్‌లోకి మారిస్తే ఒక్క కదలికతో సర్దుకుంటుంది, ఆమె చెయ్యి మళ్లీ ఒడిలోకి వస్తుంది. సౌకర్యాన్ని కొలవడానికి నాకు ఇంతకంటే నమ్మకమైన మీటరు దొరకలేదు.

అరకు ఘాట్ సంగతి మరింత వివరంగా చెప్పుకోవాలి. శృంగవరపుకోట దాటి కొండ ఎక్కడం మొదలుపెట్టాక, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు చేరేలోపు పిల్లలకో పెద్దవాళ్లకో కడుపులో తిప్పడం మనందరికీ తెలిసిన విషయమే. కుదుపులు సెకనుకు 4 నుంచి 8 సార్లు వస్తే మనిషి శరీరానికి ఎక్కువగా బాధ కలిగిస్తాయి. వాంతి తెప్పించేవి మాత్రం అంతకంటే చాలా నెమ్మదైన ఊపులు, అంటే ఐదారు సెకన్లకు ఒకసారి అటూ ఇటూ ఊగేవి. ఘాట్‌లో ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు పట్టే సమయం దాదాపు అంతే. డ్యాంపర్ ఈ ఊపును తీసేయలేదు, ఎందుకంటే మలుపులో కారు చివరికి ఎంత ఒరగాలన్నది స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలను కలుపుతూ ఒరుగుదలను అదుపు చేసే కడ్డీ) నిర్ణయిస్తాయి. ఎంత త్వరగా ఒరగాలన్నది మాత్రమే డ్యాంపర్ చేతిలో ఉంటుంది. కంఫర్ట్‌లో కారు మలుపు మొదట్లోనే ఒక్కసారిగా వాలి, చివర్లో అంతే హఠాత్తుగా లేస్తుంది. నార్మల్‌లో ఆ ఒరుగుదల నిదానంగా మొదలై నిదానంగా ముగుస్తుంది. దీనితో సమానంగా పనిచేసేది ఇంజిన్ మోడ్. స్పోర్ట్‌లో యాక్సిలరేటర్‌ను కాస్త తాకినా బండి ఉరుకుతుంది, మలుపు రాగానే బ్రేకు పడుతుంది, తలలు ముందుకూ వెనక్కూ ఊగుతాయి. అందుకే ఇండివిడ్యువల్‌లో సస్పెన్షన్‌ను నార్మల్‌లో, ఇంజిన్‌ను కంఫర్ట్‌లో పెట్టుకుని కొండ ఎక్కుతాను. ఘాట్ దారిలోని టైడ దగ్గర కారు ఆపమని మా ఇంట్లోవాళ్లు చేసే గొడవ చాలావరకు తగ్గింది.

స్పోర్ట్ సస్పెన్షన్ గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. రుషికొండ నుంచి భీమిలి దాకా తెల్లవారుజామున ఒంటరిగా వెళ్లేటప్పుడు సరదాగా ఉంటుంది, అంతే.

ఖర్చు విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. సముద్రపు గాలికి ఇక్కడ దేనికైనా తుప్పు తొందరగా పడుతుంది. నా కారులో వెనక చక్రం ఎత్తును కొలిచే సెన్సార్‌కు ఉన్న చిన్న లింకు కీలు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగి, డ్యాంపర్లు గట్టి స్థితిలోనే నిలిచిపోయాయి, మోడ్‌లు మార్చినా ఫలితం లేదు. నేను తీసుకెళ్లిన సర్వీస్ సెంటర్‌లో రెండు వెనక డ్యాంపర్లూ మార్చాలని అంచనా వేశారు. ఆ మొత్తంతో మామూలు షాక్ అబ్జార్బర్లు నాలుగు చక్రాలకూ ఒకటికి రెండుసార్లు మార్చుకోవచ్చు. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ లింకు ఒక్కటే మార్చి, సెన్సార్‌ను స్కానర్‌తో మళ్లీ క్యాలిబ్రేట్ చేయడంతో సమస్య తీరిపోయింది. అప్పటినుంచి వానాకాలం తర్వాత బండిని లిఫ్ట్ మీద ఎక్కించి, నాలుగు చక్రాల దగ్గరి అలాంటి లింకులనూ డ్యాంపర్ల కనెక్టర్లనూ శుభ్రం చేయిస్తున్నాను. ఈ వ్యవస్థ ఉన్న పాత కారు కొనేవారు ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో, మోడ్‌లు మార్చి మార్చి నడిపి చూడాలి. తేడా ఏమీ తెలియకపోతే డ్యాంపర్ల ఖర్చును బేరంలోనే తగ్గించమని అడగాలి.