రంగులకు పని చెప్పిన కీబోర్డు: హైపర్‌ఎక్స్ అల్లాయ్ ఆరిజిన్స్ కోర్

హైపర్‌ఎక్స్ అల్లాయ్ ఆరిజిన్స్ కోర్ అనే మెకానికల్ గేమింగ్ కీబోర్డును నల్లగొండలోని మా ఇంట్లో ఇద్దరం వాడుతున్నాము. పగలు నేను దానిమీద తెలుగు డీటీపీ పని, అంటే పుస్తకాలను కంప్యూటర్‌లో టైపు చేసి అచ్చుకు సిద్ధం చేసే పని, చేస్తాను. రాత్రి భోజనాలు అయ్యాక, డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి అదే కీబోర్డుతో వాలొరెంట్ అనే కంప్యూటర్ ఆట ఆడుతాడు. ఇంత తేడా ఉన్న రెండు పనులకూ ఒకే వస్తువు సరిపోవడంలో దాని స్విచ్‌ల పాత్ర కొంతయితే, ఒక్కో కీకి విడిగా మార్చుకోగల రంగుల వెలుగు పాత్ర అంతకంటే ఎక్కువ. ఆ వెలుగును పిల్లల సరదాగా భావించి పక్కన పెట్టేవారు మనలో చాలామంది ఉన్నారు. తెలుగు టైపింగ్ నేర్చుకునేవారికి అది ఎంతగా ఉపయోగపడుతుందో వివరంగా చెప్పడం అవసరమని నాకు అనిపించింది.

ముందుగా కొనుగోలు విషయం. నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల కంప్యూటర్ దుకాణాల్లో గేమింగ్ కీబోర్డు అడిగితే, చాలా సార్లు వెయ్యి రూపాయల అటూ ఇటూ ధరలో, పెట్టె మీద ‘మెకానికల్ ఫీల్’ అని అచ్చువేసిన రకాలను చూపిస్తారు. అవి మెకానికల్ కీబోర్డులు కావు. ఒక కీ మూతను మెల్లగా పైకి లాగి చూస్తే తేడా తెలిసిపోతుంది: అసలైన మెకానికల్ కీబోర్డులో ప్రతి కీ కింద స్ప్రింగు ఉన్న విడి స్విచ్ ఉంటుంది, చాలా రకాల్లో దాని తలమీద ప్లస్ గుర్తు ఆకారం కనిపిస్తుంది, మెంబ్రేన్ రకంలో మూత కింద రబ్బరు బుడిపె ఉంటుంది. వెలుగు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. చవక రకాల్లో కనిపించే ‘రెయిన్‌బో’ వెలుగులో ఏ భాగానికి ఏ రంగో ఫ్యాక్టరీలోనే నిర్ణయమై ఉంటుంది, దానిని మనం మార్చలేము. ప్రతి కీకి మనకు నచ్చిన రంగు పెట్టుకోగల సదుపాయం ఉందా లేదా అన్నది దుకాణదారును సూటిగా అడిగి, వీలైతే చేసి చూపించమని కోరడం మంచిది. చేతితో నొక్కి చూశాకే కొనాలనుకునేవారికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ మార్కెట్, ఇప్పటికీ సరైన చోటు. మేము కొన్నప్పుడు దీని ధర ఏడు వేల రూపాయలు దాటింది. కీబోర్డుకు అది చిన్న మొత్తం కాదు కనుక, ఆ డబ్బుకు ఏమి దొరుకుతుందో చూద్దాం.

దీని శరీరం అల్యూమినియంతో చేసినది. బరువు సుమారు 900 గ్రాములు ఉండటం వల్ల, ఆట వేడిలో ఎంత బలంగా నొక్కినా బల్లమీద కదలదు. నంబర్ ప్యాడ్ లేని 87 కీల కూర్పు కావడంతో మౌస్ తిప్పడానికి చాలినంత చోటు మిగులుతుంది. కింది కాళ్లను మడిచి 3, 7, 11 డిగ్రీల కోణాల్లో నిలబెట్టుకోవచ్చు. యూఎస్‌బీ టైప్-సి తీగ ఊడదీయడానికి వీలైనది కనుక, తీగ పాడైతే కీబోర్డంతా మూలన పెట్టవలసిన అవసరం రాదు.

ఈ కీబోర్డు ఎరుపు, నీలం, ఆక్వా అనే స్విచ్ రకాలతో వస్తుంది. మేము తీసుకున్నది ఎరుపు స్విచ్‌ల రకం. మెకానికల్ స్విచ్‌లలో ప్రామాణికంగా నిలిచిన జర్మనీ కంపెనీ చెర్రీ వారి ఎంఎక్స్ రెడ్ 2 మిల్లీమీటర్లు దిగినప్పుడు అక్షరాన్ని నమోదు చేస్తుంది. హైపర్‌ఎక్స్ ఎరుపు స్విచ్ 1.8 మిల్లీమీటర్ల దగ్గరే నమోదు చేస్తుంది. నొక్కడానికి కావలసిన బలం 45 గ్రాములు, కీ దిగే మొత్తం లోతు 3.8 మిల్లీమీటర్లు. ఒక్కో స్విచ్ 8 కోట్ల నొక్కుల వరకు మన్నుతుందని కంపెనీ చెబుతుంది. ఇన్నేళ్లు రబ్బరు బుడిపెల కీబోర్డును అడుగంటా నొక్కుతూ పుస్తకాలకు పుస్తకాలు కొట్టిన నా వేళ్లకు, సగం దిగగానే అక్షరం పడిపోయే ఈ స్విచ్ ఇచ్చిన ఉపశమనం చాలా పెద్దది. సాయంత్రం అయ్యేసరికి కీళ్లలో మొదలయ్యే నొప్పి బాగా తగ్గింది.

ఇక వెలుగు సంగతి. ప్రతి కీ కింద ఉన్న ఎల్‌ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగులు ఉంటాయి. ఒక్కోదానికి 256 స్థాయులు కావడం వల్ల లెక్క ప్రకారం కోటీ 67 లక్షలకు పైగా రంగులు సాధ్యమవుతాయి. అన్ని రంగులు ఎవరికీ అవసరం లేదు. కంటికి స్పష్టంగా వేరుగా కనిపించే ఏడెనిమిది రంగులు చాలు. రంగులు పెట్టుకోవడానికి ఎన్‌జెన్యూటీ అనే సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దించుకోవాలి. కీలను మౌస్‌తో ఎంచుకుని రంగు కేటాయించి, ఆ అమరికను కీబోర్డు సొంత మెమొరీలోనే దాచవచ్చు. ఇటువంటి మూడు అమరికలు అందులో పడతాయి. ఒకసారి దాచిన తరువాత సాఫ్ట్‌వేర్ లేని మరో కంప్యూటర్‌కు, లినక్స్ ఉన్నదానికైనా సరే, తగిలిస్తే అవే రంగులు వస్తాయి. నాకు ఈ ఒక్క గుణం చాలా విలువైనదిగా అనిపించింది, ఎందుకంటే ప్రెస్సులో ఉన్న కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే అధికారం నాకు లేదు.

పెట్టెలోంచి తీసి తగిలించగానే రంగులన్నీ అలలుగా పరుగెత్తే అమరిక వస్తుంది. దానితో పని చేయడం అసాధ్యం. చూపు అక్షరం మీద నిలవదు. దానిని తీసివేసి, మొదటి అమరికను తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కోసం తయారు చేసుకున్నాను.

విండోస్‌లో తెలుగు అని ఎంచుకుంటే వచ్చే లేఔట్, అంటే ఏ కీ మీద ఏ అక్షరమో చెప్పే కూర్పు, ఇన్‌స్క్రిప్టే. చాలా భారతీయ భాషలకు ఒకే పద్ధతిలో రూపొందించిన ఈ లేఔట్ వెనుక మన వర్ణమాల క్రమమే ఉంది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి. ఇంకా చక్కని సంగతి ఏమిటంటే, ఒకే వర్గానికి చెందిన అక్షరాలు పైకీ కిందికీ పక్కపక్కనే ఉంటాయి: ఇంగ్లిషు కె మీద క, దాని పైనున్న ఐ మీద గ, ఎల్ మీద త, దాని పైన ఓ మీద ద, హెచ్ మీద ప, దాని పైన వై మీద బ. చ-జ, ట-డ జంటలు కూడా ఇదే తీరు. షిఫ్టు కలిపి నొక్కితే వాటి మహాప్రాణాలు ఖ, ఘ, థ, ధ, ఫ, భ వస్తాయి. ఇంత క్రమబద్ధమైన లేఔట్ అయినా, ఇంగ్లిషు అక్షరాలు మాత్రమే అచ్చువేసిన కీబోర్డు ముందు కూర్చున్న కొత్తవారికి ఆ క్రమం ఎక్కడా కనిపించదు. రంగులతో దానిని కనిపించేలా చేయవచ్చు. ఎడమవైపు అచ్చులన్నిటికీ ఆకుపచ్చ ఇచ్చాను. ఐదు వర్గాల జంటలకు ఐదు వేర్వేరు రంగులు కేటాయించాను. ఒత్తులు రావడానికి ఆధారమైన పొల్లు ఇంగ్లిషు డి కీ మీద ఉంటుంది కనుక, దానికి అన్నిటికంటే ప్రకాశవంతమైన తెలుపు పెట్టాను. అంతస్థాలు, ఊష్మాలు పసుపులో ఉన్నాయి.

మా దగ్గర డీటీపీ నేర్చుకుంటున్న అమ్మాయి అంతకు ముందు కీల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అతికించుకుని నేర్చుకునేది. మే నెల చెమటకు ఆ స్టిక్కర్ల జిగురు కరిగి వేళ్లకు అంటుకునేది, అక్షరాలు చెరిగిపోయేవి. పైగా కళ్లు ప్రతి అక్షరాన్నీ వెతుక్కోవడానికే అలవాటుపడేవి. రంగుల కీబోర్డు మీద కూర్చోబెట్టాక ఆ అమ్మాయి, ‘‘సార్, రంగు జూస్తే ఏ వర్గమో ఎరుకైతుంది, అక్షరం దేవులాడే పనిలేదు’’ అన్నది. నేను చెప్పదలచిన విషయం అదే. స్టిక్కరు ఒక్క అక్షరాన్ని చూపిస్తుంది. రంగు ఆ అక్షరం ఉన్న కుటుంబాన్ని చూపిస్తుంది. కుటుంబం తెలిశాక వేలు తనంతట తానే చోటు వెతుక్కుంటుంది. అను స్క్రిప్ట్ మేనేజర్ అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆపిల్ అనే లేఔట్‌కు అలవాటుపడి, ఇప్పుడు అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగల యూనికోడ్ పద్ధతికి మారవలసి వచ్చిన పాత డీటీపీ మిత్రులకు కూడా ఈ పద్ధతిని గట్టిగా సిఫారసు చేస్తాను, ఎందుకంటే వారి కష్టమంతా పాత చోట్లను మరచిపోవడంలోనే ఉంది.

ఇక్కడ కీబోర్డు పరిమాణం గురించి ఒక హెచ్చరిక. గేమింగ్ వారిలో ఇప్పుడు ‘60 శాతం’ అనే పొట్టి కీబోర్డులకు ఆదరణ ఎక్కువగా ఉంది. వాటిలో పైవరుస ఎడమ చివర ఎస్కేప్ కీ ఉంటుంది. సాధారణ కీబోర్డులో ఒకటి అంకెకు ఎడమ పక్కన ఉండే కీ విడిగా ఉండదు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ కీ మీదే ఒత్వం, షిఫ్టుతో ఒ అక్షరం ఉంటాయి. ‘నల్లగొండ’ అనే పేరును ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్టు తాకకుండా ఎనిమిది నొక్కులతో రాయవచ్చు. 60 శాతం కీబోర్డు మీద అయితే ‘గొ’ దగ్గర ఆగి, ఇతర కీలకు రెండో పని ఇచ్చే ఎఫ్‌ఎన్ కీని కూడా కలిపి నొక్కాలి. ‘కొండ, కొత్త, పొలం, రొట్టె, తొలి’ వంటి మాటలు లేకుండా తెలుగు పేజీ ఉండదు కదా. 87 కీల ఈ రకంలో ఆ కీ తన చోట తాను ఉంది.

రెండో అమరిక మా అబ్బాయిది. వాలొరెంట్‌లో పాత్రను నడిపించే డబ్ల్యూ, ఏ, ఎస్, డి కీలకు ఎరుపు, ప్రత్యేక శక్తుల కోసం వాడే సి, క్యూ, ఇ, ఎక్స్ కీలకు నీలం పెట్టుకున్నాడు, మిగతావన్నీ ఆర్పేశాడు. అతడు పరుగెత్తించే ఆ నాలుగు కీలే నాకు ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు. ఎఫ్‌ఎన్‌తో ఒక కీ నొక్కితే అమరిక మారిపోతుంది కనుక మా ఇద్దరి మధ్య పేచీ లేదు. ఆటకు సంబంధించి నేను గమనించిన అసలైన తేడా కీలను కలిపి నొక్కినప్పుడు కనిపిస్తుంది. చవక మెంబ్రేన్ కీబోర్డులో అడ్డు, నిలువు వరుసల సర్క్యూట్ మీద మూడు కీలు ఒకేసారి పడితే, నొక్కని నాలుగో కీ కూడా నొక్కినట్టు తోచే ప్రమాదం ఉంది. దాన్ని తప్పించడానికి కీబోర్డు మూడో కీని అసలు పట్టించుకోదు. పక్కకు నడుస్తూ, కూర్చుంటూ, దూకాలంటే అందుకే మొరాయిస్తుంది. ఇందులో ఎన్ని కీలు కలిపి నొక్కినా అన్నీ నమోదవుతాయి. సెకనుకు వెయ్యిసార్లు కంప్యూటర్‌కు సమాచారం పంపుతుంది. ఆట మధ్యలో విండోస్ కీ పొరపాటున తగిలి తెర మారిపోకుండా దానిని పనిచేయకుండా ఆపే గేమ్ మోడ్ కూడా ఉంది.

మూడో అమరికలో మసక తెలుపు మాత్రమే ఉంచాము. ఎండాకాలంలో కరెంటు పోయి గదిలో ఇన్వర్టర్ మీద కంప్యూటర్ ఒక్కటే నడుస్తున్నప్పుడు అది అక్కరకు వస్తుంది. వెలుగుకు కరెంటు ఎక్కువ కాలుతుందేమోనని అడిగేవారి కోసం చెబుతున్నాను: యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. ఇన్వర్టర్‌కు అది లెక్కలోనిది కాదు. లాప్‌టాప్ బ్యాటరీ మీద పనిచేసేవారు మాత్రం వెలుగు తగ్గించుకోవడం మేలు.

దీనికి పరిమితులు కూడా ఉన్నాయి. మణికట్టు ఆనించుకోవడానికి పట్టీ పెట్టెలో రాదు, కీబోర్డు ఎత్తు మాత్రం ఎక్కువ. మందపాటి తువ్వాలును మడిచి ముందు పెట్టుకోకపోతే మణికట్టు నొస్తుంది. సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే పనిచేస్తుంది. స్విచ్‌లు సోల్డర్ చేసి ఉంటాయి కనుక ఒకటి పాడైతే వేలితో పీకి మార్చలేము, సోల్డరింగ్ తెలిసిన మనిషి కావాలి. నంబర్ ప్యాడ్ లేకపోవడం నాకు ఇబ్బంది కాలేదు గానీ, మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో రోజంతా ట్యాలీలో లెక్కలు ఎక్కించేవారికి ఇది పనికిరాదు. వారు పూర్తి పరిమాణపు రకాన్నే తీసుకోవాలి.

కీ మూతల విషయంలో కొనేముందు ఒక మాట అడగాలి. ఇదే కీబోర్డు ఏబీఎస్ ప్లాస్టిక్ మూతలతోనూ, తరువాత వచ్చిన పీబీటీ అనే మరో రకం ప్లాస్టిక్ మూతలతోనూ దొరుకుతుంది. ఏబీఎస్ వేళ్ల జిడ్డుకు త్వరగా నున్నబడి మెరుస్తుంది. మన చెమటకు, ఎక్కువ టైపింగుకు పీబీటీయే నయం. దుమ్ము సంగతి కూడా ఆలోచించాలి, ఎందుకంటే మన ప్రాంతపు పొడిగాలి కిటికీ తీసిన గంటలో బల్లమీద ఎర్రటి పొర పరుస్తుంది. కీలు చుట్టూ గోడలు లేకుండా అల్యూమినియం పలక మీద పైకి నిలబడి ఉండటం వల్ల ఆ దుమ్ము కంటికి కనిపిస్తుంది, మెత్తని బ్రష్‌తో తేలికగా పోతుంది కూడా. తడిగుడ్డ వాడేటప్పుడు తీగ ఊడదీయడం తప్పనిసరి.

స్విచ్ ఎంపిక ఇంటిని బట్టి చేసుకోవాలి. నీలం స్విచ్‌లు ప్రతి నొక్కుకూ టక్కుమనే శబ్దం చేస్తాయి. టైపు మిషను మీద నేర్చుకున్నవారికి అది ఇష్టంగా ఉంటుంది గానీ, ఒకే గదిలో ఇతరులు పడుకునే ఇంట్లో రాత్రిపూట వాడలేరు. ఆక్వా రకంలో ఆ శబ్దం ఉండదు, కీ నమోదైన చోట వేలికి చిన్న తట్టు తగులుతుంది. తెలుగు టైపింగే ప్రధానమైన పని అయితే ఆక్వాను, ఆటకు కూడా సమానమైన వాటా ఉంటే ఎరుపును తీసుకోమని చెబుతాను. ఎరుపుతోనూ కీ అడుగుకు తగిలిన చప్పుడు కొంత వస్తుంది. కీబోర్డు కింద మందపాటి డెస్క్ మ్యాట్ వేస్తే ఆ చప్పుడు పక్క గదికి వినిపించనంతగా తగ్గుతుంది.