ప్రెప్ వేసుకోవాలా, పెప్ సరిపోతుందా?

హెచ్‌ఐవీ ముప్పు ఎదురవుతుందని తెలిసినవాళ్లు, అది సోకకుండా ముందే మొదలుపెట్టే మందు ప్రెప్ (PrEP). వైరస్ తగిలే ఘటన జరిగాక ఆదరాబాదరాగా మొదలుపెట్టేది పెప్ (PEP).

సమయం: పెప్‌కి 72 గంటలే గడువు, అదీ చివరి హద్దు. ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. శనివారం రాత్రి కండోమ్ చిరిగితే సోమవారం ఓపీ దాకా ఆగకండి, అప్పుడే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ప్రెప్‌కి ఈ పరుగు లేదు, కానీ మొదటి మాత్రతోనే రక్షణ రాదు. యోని సంభోగంలో పూర్తి రక్షణకు రోజూ వేసుకుంటూ సుమారు మూడు వారాలు పడుతుంది.

మందు: ప్రెప్ సాధారణంగా రోజుకో మాత్ర, ముప్పు ఉన్నంతకాలం. పెప్ 28 రోజుల కోర్సు. వికారంగా ఉందని మధ్యలో మానేస్తే బూడిదలో పోసిన పన్నీరే.

పరీక్షలు: పెప్ మొదటి డోసు రిపోర్టుల కోసం ఆగదు. ప్రెప్‌కి ముందు హెచ్‌ఐవీ నెగటివ్ అని తేలాలి, తర్వాత మూడు నెలలకోసారి టెస్టు. చాలామంది బద్ధకించేది ఇక్కడే.

భరోసా: క్రమం తప్పకుండా వేసుకుంటే ప్రెప్ లైంగికంగా సోకే ముప్పును 99 శాతం దాకా తగ్గిస్తుంది. పెప్‌కి అంత హామీ లేదు. సిఫిలిస్, గనేరియాలను రెండూ ఆపవు.

డ్యూటీలో సూది గుచ్చుకున్న నర్సుకి, అత్యాచార బాధితులకి పెప్. భాగస్వామికి హెచ్‌ఐవీ ఉండి, ఆ భాగస్వామి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) ఇంకా అదుపులోకి రాకపోతే, హెచ్‌ఐవీ లేని రెండోవారికి ప్రెప్. మాటిమాటికీ పెప్ కోసం పరిగెత్తేవాళ్లు కోర్సు అవగానే, టెస్టు నెగటివ్ వస్తే, డాక్టరుతో మాట్లాడి ప్రెప్‌కి మారడమే నయం. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితమే.