పాత పీసీతో నాస్ కట్టాను, తర్వాత రెడీమేడ్‌ది కొన్నాను

నాస్ అంటే ఇంట్లో అందరి ఫైళ్లూ ఒకేచోట దాచి, నెట్‌వర్క్ ద్వారా వాడుకునే పెట్టె. పాత డెస్క్‌టాప్‌లో అందుకోసం ఉన్న ట్రూనాస్ అనే సాఫ్ట్‌వేర్ వేసి రెండేళ్లు వాడాను. ఖర్చంతా రెండు 4 టీబీ డిస్కులకే. మిర్రర్ పెట్టాను, అంటే రెండు డిస్కుల్లోనూ అదే డేటా, కాబట్టి చేతికొచ్చింది 4 టీబీయే. ఒకసారి ఫొటోల ఫోల్డర్ మొత్తం పొరపాటున డిలీట్ చేశాను. మిర్రర్ ఏం కాపాడుతుంది, రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోయాయి! ట్రూనాస్‌లోని ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్ఎస్ ముందురోజు రాత్రి తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో పట్టి ఉంచేది) ఉండబట్టి రెండు నిమిషాల్లో వెనక్కి తెచ్చుకున్నాను. ఆ ఒక్క పనికే దానికి దండం పెట్టాలి.

అయితే ఒక రాత్రి 'డిగ్రేడెడ్', అంటే మిర్రర్‌లో ఒక డిస్కు అందట్లేదని మెసేజ్ వచ్చింది. డిస్కు పోయిందని ఒకటే టెన్షన్. మూడు గంటలు కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, డిస్కును మదర్‌బోర్డుకు కలిపే శాటా కేబుల్ వదులైంది. పైగా ఫ్యాను రొద, ఇరవై నాలుగు గంటలూ కరెంటు.

ఆర్నెల్ల కిందట రెండు డిస్కులు పట్టే రెడీమేడ్ పెట్టె తెచ్చాను. పావుగంటలో సెటప్ అయింది. పాత డిస్కులు పెడితే ఫార్మాట్ చేయాల్సిందే అంది, అందుకని ముందే డేటా వేరే డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఫైళ్ల కాపీ స్పీడు మాత్రం అప్పుడూ ఇప్పుడూ సెకనుకు 110 ఎంబీ దగ్గరే, ఎందుకంటే ఇంట్లోని గిగాబిట్ నెట్‌వర్క్ వైరు అంతకు మించి ఇవ్వదు. ఫొటోల్లో ముఖాలు వెతికే పని మొదలెడితే మాత్రం పాపం ఆయాసపడుతుంది. 2 జీబీ ర్యామ్ మరి.

ఇంట్లోవాళ్ల ఫోన్లలో ఫొటోలు వాటంతట అవే ఎక్కుతున్నాయి. నన్నెవరూ పిలవట్లేదు. పాత డెస్క్‌టాప్‌ను మాత్రం పారేయలేదు, వారానికోసారి ఆన్ చేసి బ్యాకప్ తీస్తున్నాను.